ఎనిమిది రేకు

వంతెన ఎక్కే దారిలో సగానికి వచ్చేసరికి కారు దగ్గింది. ఒకసారి దగ్గి ఊరుకుంది. ఆమె గేరు తగ్గించింది. మళ్ళీ దగ్గింది. ఈసారి వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని గుంజినట్టు రెండు మూడుసార్లు కుదిపి, ఆ ఏటవాలు మీదే ఆగిపోయింది.

వెనక సీట్లో ఆమె అత్తగారు దిండు మీదికి ఒరిగి ఉంది. ఆస్పత్రినుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు ఆవిడ ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఆవిడ కిడ్నీలు పని మానేసి రెండేళ్ళయింది. వారానికి రెండుసార్లు, బుధవారమూ శనివారమూ, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోబెట్టి ఒంట్లో రక్తమంతా బయటికి లాగి, కడిగి, మళ్ళీ లోపలికి పంపుతారు. పిండి ఆరేసిన బట్టలా ఇంటికి వస్తుంది మనిషి.

వెనక నిలిచిపోయిన బండ్లు హారన్లు మొదలుపెట్టాయి. ఒకాయన తల బయటికి పెట్టి, "నేర్చుకునేవాళ్ళు మైదానంలో నేర్చుకోవాలమ్మా, వంతెన మీద కాదు!" అని అరిచాడు. ఆమె పదకొండేళ్ళుగా కారు నడుపుతోంది. ఆ మాట చెప్పడానికి కూడా ఓపిక లేక తాళం తిప్పింది. తిప్పింది, తిప్పింది. నాలుగోసారికి ఇంజను మూలుగుతూ లేచింది.

వంతెన దిగాక అత్తగారు కళ్ళు తెరవకుండానే అంది, "నన్నింక తీసుకురాకు అమ్మాయ్."

"బండి చూపిస్తాను అత్తయ్యా. బాగవుతుంది."

"బండి గురించి కాదు నేనంటోంది."

దిండు మీద తల సర్దుకుని, "బండి గురించి కూడా," అంది.

తర్వాతి బుధవారం ఆవిడ నిజంగానే లేవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. టాక్సీ పిలుస్తానంటే, "పరాయివాడి బండిలో వాంతి చేసుకుని, వాడు మొహం చిట్లిస్తుంటే చూడ్డం కంటే నా మంచం మీద నేను పోవడం నయం," అంది. సాయంత్రం ఆస్పత్రి నర్సు ఫోన్ చేసింది.

"ఒక్కసారి మానేస్తే ఎలాగో లాక్కొస్తాం. శనివారం కూడా రాకపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. తర్వాత మావల్ల కాదు."

అప్పటికే అత్తగారి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. వేలితో నొక్కితే గుంట పడి చాలాసేపు అలాగే ఉండిపోతోంది.

శనివారానికి మధ్యలో రెండు రోజులున్నాయి.

ఈ కారుని ఇన్నాళ్ళూ చూసుకున్నది ఆమె భర్త. వీధిలో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అనేవాళ్ళు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. విని, "రెండో వాల్వు" అనో, "బేరింగు పోతోంది" అనో అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. అయిదు నెలల క్రితం ఒక మధ్యాహ్నం షెడ్డులో స్టూలు మీద కూర్చుని, టీ తాగుతూ తాగుతూ గోడకి ఆనుకున్నాడు. గ్లాసు చేతిలోంచి జారలేదట. కునుకు తీస్తున్నాడనుకుని అరగంట దాకా ఎవరూ లేపలేదట. ఆ అరగంట గురించి ఆమె ఇప్పటికీ ఆలోచిస్తుంది. బట్టలు ఆరేస్తూ ఆలోచిస్తుంది, సిగ్నల్ దగ్గర కారు ఆపి ఆలోచిస్తుంది. వెనకవాళ్ళు హారన్ కొడితే గానీ పచ్చ లైటు పడిందని తెలియదు.

షెడ్డు ఇంకెవరో తీసుకున్నారు. పనిముట్ల పెట్టె ఇంటికొచ్చి మంచం కిందికి చేరింది. దాన్ని ఆమె తెరవలేదు. కారు బానెట్ కూడా తెరవలేదు. నీళ్ళూ ఆయిలూ పెట్రోలు బంకులో వాళ్ళే చూసి పోశారు. నెలనెలా బండి దగ్గు కాస్త కాస్త పెరుగుతున్నా, పక్కింట్లో ఎవరో దగ్గుతుంటే విననట్టు ఊరుకుంది.

గురువారం సాయంత్రం మరిది వచ్చాడు. ఆఫీసునుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, మెడలో కార్డు వేలాడుతూనే ఉంది. సంచీలోంచి చిన్న అట్టపెట్టె తీసి బల్లమీద పెట్టాడు.

"వదినా, సమస్య తీరిపోయింది."

"ఏ సమస్య?"

"బండి సమస్య. ప్లగ్గులు తెచ్చాను. ఇవి మామూలువి కావు. మొన చూడు, సూదిలా ఎలా ఉందో! ఏదో గొప్ప లోహమట, పేరు నాకు నోరు తిరగలేదు. లక్ష కిలోమీటర్లు ముట్టుకోనక్కర్లేదు. వేసి మర్చిపోవడమే."

మంచం మీంచి అత్తగారి గొంతు వినిపించింది. "బానెట్ ఎటువైపు తెరుచుకుంటుందో తెలుసుట్రా నీకు?"

"మా ఆఫీసులో బండ్ల గురించి తెలిసినవాళ్ళని అడిగే తెచ్చానమ్మా."

"ఫ్యాను ఆగిపోతే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఫైళ్ళతో విసురుకునే మొహాలు. వాళ్ళా చెప్పింది?"

"ఇదిగో, తిట్టే ఓపికుందిగా, ఆస్పత్రికి వెళ్ళే ఓపిక లేదా?"

అత్తగారు మొహం మీదికి దుప్పటి లాక్కుంది. మరిది మొహం చిన్నబోయింది. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, ఉబ్బిన పాదం ఒళ్ళో పెట్టుకుని కాసేపు రాశాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి మెల్లగా, "అన్నయ్య ఉంటే నాకింత భయం ఉండేది కాదు వదినా," అన్నాడు. ఆమె తలూపింది. ఆ మాట ఆమెకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

వేసి మర్చిపోవడమే. ఆ మాట మాత్రం మంచి నిద్రలాగా వినిపించింది. ఇంకెప్పుడూ బానెట్ ఎత్తనక్కర్లేదు. ఆ పెట్టె తెరవనక్కర్లేదు. శుక్రవారం ఒక్క పూట కళ్ళు మూసుకుని ఈ పని కానిచ్చేస్తే చాలు.

ఈ పని ఆమెకి వచ్చని మరిదికి తెలియదు. ఎవరికీ తెలియదనే ఆమె అనుకునేది.

నలభై దాటగానే భర్తకి దగ్గర చూపు తగ్గింది. దూరాన బస్సు నంబరు చదివేవాడు, చేతిలో ఉన్న బోల్టు మరలు కనపడేవి కావు. కళ్ళజోడు పెట్టుకోవయ్యా అంటే, "కళ్ళజోడు పెట్టుకున్న మేస్త్రికి బండి ఎవడిస్తాడు?" అనేవాడు. ప్లగ్గు పనికి చూపు కావాలి. ప్లగ్గు కింద మధ్యలో ఒక మొన ఉంటుంది, దానిమీదికి కొక్కెంలా వంగిన చిన్న కాలు ఉంటుంది. ఆ రెంటి మధ్య సందులోంచి నిప్పురవ్వ దూకుతుంది. ఆ నిప్పుకి పెట్రోలు మండితేనే బండి నడక. సందు ఎక్కువైతే నిప్పు దూకలేదు, తక్కువైతే ఆ నిప్పు చాలదు. వాడే కొద్దీ మొనా కాలూ అరిగి సందు పెరుగుతూ ఉంటుంది. దాన్ని కొలవడానికి రేకుల గేజీ అని ఒకటుంది. విసనకర్రలా విప్పితే వెంట్రుకంత మందం నుంచి గోరంత మందం దాకా రేకులు, ఒక్కొక్కదాని మీద ఒక్కో అంకె.

ఆయన షెడ్డులో బండ్ల ప్లగ్గులన్నీ జేబు గుడ్డలో మూటగట్టి ఇంటికి తెచ్చేవాడు. వంటింటి బల్ల మీద కాగితం పరిచేవాడు. ఆయన టార్చి పట్టుకునేవాడు, ఆమె సందు పెట్టేది. ఆమె అయిదో తరగతితో ఆపేసిన మనిషి. సున్నా, చుక్క, ఎనిమిది అని ఆయన చెబితే అర్థమయ్యేది కాదు. అందుకని రేకులకి తనే పేర్లు పెట్టుకుంది, ఎనిమిది రేకు, పది రేకు, పదకొండు రేకు. "రేకు లాగితే ఎలా రావాలో తెలుసా? రానంటూనే రావాలి. నువ్వు పుట్టింటినుంచి వచ్చినట్టు," అనేవాడు. పదేళ్ళలో ఆమె చేతికి ఆ పట్టు ఎలా అలవాటైందంటే, రేకు లేకుండా కంటితో చూసి కూడా చెప్పేసేది.

తమ కారు సంగతి వేరు. "పుస్తకంలో పదకొండు అని ఉంది. కానీ దీని కాయిల్, ప్లగ్గుకి కరెంటిచ్చేది, ముసలిదైపోయింది, అంత దూరం నిప్పు దూకించలేదు. మనకి ఎనిమిది పెట్టు," అనేవాడు. నెలకోసారి తమ కారు ప్లగ్గులు కూడా విప్పేవాడు. అన్నీ పెరట్లో పెట్రోలుతో కడిగి, తుడిచి, శుభ్రంగా తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు. అంత తరచుగా ఎందుకని ఆమె అడగలేదు. ఊరికే కూర్చోలేని మనిషి కదా అనుకునేది.

శుక్రవారం పొద్దున ఆమె మంచం కింద పెట్టె లాగింది. మూత తీయగానే గ్రీజు వాసన, ఆయన చొక్కాల వాసన కలిసి మొహానికి కొట్టాయి. ప్లగ్గు స్పానరూ, రేకుల గేజీ తీసుకుని వెంటనే మూసేసింది.

బానెట్ ఎత్తి పాత ప్లగ్గులు నాలుగూ వరసగా విప్పింది. మూడు బిస్కెట్ రంగులో పొడిగా ఉన్నాయి, సందులు మాత్రం బోసినోళ్ళలా తెరుచుకుని ఉన్నాయి. నాలుగోది వేరేలా ఉంది. నల్లగా, జిడ్డుగా, తారులో ముంచి తీసినట్టుంది. తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో అంకెలున్నాయి, ఒకటి, రెండు, మూడు. నాలుగు కనపడలేదు. బొటనవేలితో మసి రుద్దితే కింద కనపడింది. ఆయన రాసే నాలుగు, పై గీత కలవకుండా విడిగా ఉంటుంది. ఆమె నాలుగింటినీ పాత గుడ్డలో చుట్టేసి వంటింట్లోకి వచ్చేసింది.

కొత్త పెట్టె విప్పి బల్లమీద కాగితం పరిచింది. టార్చి పట్టుకునేవాళ్ళు లేరు గనక నీళ్ళ చెంబుకి ఆనించింది. మొదటి సూది ప్లగ్గు సందులో పదకొండు రేకు సరిగ్గా పట్టింది. కంపెనీవాళ్ళే పెట్టి పంపారు. దాన్ని అలాగే వదిలేస్తే సరిపోయేది. కానీ మన కారుకి ఎనిమిది. పదేళ్ళుగా ఎనిమిది. సందు తగ్గించడానికి ప్లగ్గు కాలుని బల్లకేసి తట్టింది. కొంచెం ఎక్కువ తట్టినట్టుంది, ఎనిమిది రేకు దూరలేదు. అలాంటప్పుడు ఎప్పుడూ చేసే పనే చేసింది. సన్నరేకు దూర్చి, మధ్య మొన మీద ఆనించి, కాలుని పైకి ఎత్తింది.

ఉప్పుగల్లు కాగితం మీద పడ్డంత చప్పుడు.

టార్చి దగ్గరికి తెచ్చి చూసింది. సూది మొన లేదు. కాగితం మీద చీమ తలంత వెండి ముక్క మెరుస్తోంది.

ఏడుపు రాలేదు. నిద్ర వచ్చింది. బల్లమీద తల పెట్టుకుని, ఆ ముక్కకేసి చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయింది. లోపలినుంచి అత్తగారు, "ఏమిటే ఆ తట్టడం?" అంది. "ఏం లేదత్తయ్యా," అంది ఆమె. "వాడూ అంతే, ఏం చేస్తున్నావురా అంటే ఏం లేదనేవాడు," అని అత్తగారు మళ్ళీ గోడవైపు తిరిగింది.

విడిభాగాల దుకాణం నాలుగు వీధులవతల, భర్త షెడ్డు ఉన్న వీధిలోనే. దాని యజమానిని అందరూ నిదానం అంటారు. నట్టు అడిగినా సరే, మెట్ల బల్ల జరిపి, ఎక్కి, అట్టపెట్టెలు ఒకటొకటే దింపి, దుమ్ము ఊది, మళ్ళీ ఎక్కి, అలా ఇస్తాడు. బతికుండగా భర్త తరచూ వెళ్ళిన చోటు. ఆమె లోపలికి అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. తనెవరో చెప్పనక్కర్లేకుండానే ఆయన ఆమెని గుర్తుపట్టి స్టూలు జరిపాడు. చనిపోయినవాళ్ళ గురించి అందరూ అనే మాటలేవీ అనలేదు. అది ఆమెకి హాయిగా ఉంది.

మరిది తెచ్చిన పెట్టే, మొన విరిగిన ప్లగ్గూ గాజుబల్ల మీద పెట్టింది. నిదానం భూతద్దం తీసి చూశాడు.

"ఎవరు విరిచారమ్మా?"

"నేనే."

"మొన మీద రేకు ఆనించి ఎత్తావా?"

"ఊఁ."

"మామూలు ప్లగ్గుకి ఎత్తినట్టు."

"ఊఁ."

ఆయన నవ్వాడు. "ఈ తప్పు చేసినవాళ్ళని ఇద్దర్నే చూశాను. ఇద్దరూ పని వచ్చినవాళ్ళే. పని రానివాడు గ్యాప్ జోలికే పోడు, కంపెనీ పెట్టింది పెట్టినట్టు బిగించేస్తాడు."

"రెండోవారెవరు?"

"నేనే." భూతద్దం పక్కన పెట్టాడు. "మా వీధి బండ్లన్నిటికీ గ్యాప్ పెట్టిన చెయ్యి నీది. ఇలాంటి మొనతో నీకు పనిపడలేదు, అంతే."

ఆమె తల ఎత్తింది. "నేను పెట్టానని ఎవరన్నారు?"

"ఎవరనాలమ్మా? చెవి మేస్త్రికి చెవులే గానీ కళ్ళెక్కడున్నాయి? ఒకరోజు ఇక్కడే నిలబడి, వాషరనుకుని చొక్కా గుండీ ఏరి తీసుకున్నాడు. అలాంటివాడు వెంట్రుకంత సందు పెట్టాడంటే మేం నమ్ముతామా? ఆయన ప్లగ్గులు మూటగట్టుకుని ఇంటికి బయల్దేరితే, 'పరీక్షకి పంపిస్తున్నాడురోయ్' అనుకునేవాళ్ళం."

"ఆయనతో ఎప్పుడూ అన్నట్టు లేదే?"

"ఎందుకనాలి? పని సరిగ్గా ఉండేది."

పదేళ్ళు దాచిపెట్టుకున్నది ఇంతమందికి తెలుసునా! ఆమెకి సిగ్గేసింది. ఆ సిగ్గు కింద ఎక్కడో, చాలా రోజుల తర్వాత కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకున్నట్టనిపించింది.

నిదానం మెట్ల బల్ల ఎక్కి దిగి, మూడు పెట్టెలు వరసగా పెట్టాడు. "విరిగినదాని సంగతి వదిలెయ్. నీ పెట్టె నాకిచ్చి ఇందులో ఏది కావాలో తీసుకో. ఇది నువ్వు తెచ్చినలాంటి సూది మొనది. సన్న మొన మీంచి నిప్పు తేలిగ్గా దూకుతుంది, ముసలి కాయిల్‌కి సుఖం. అరగదు, ముట్టుకోనక్కర్లేదు. ఇది మూడు కాళ్ళది. ఒక కాలు అరిగితే ఇంకో కాలికి దూకుతుంది. కానీ సందు మార్చుకోవడం కుదరదు. ఇది మామూలుది, ఒక లావు మొన, ఒక కాలు. నీకు తెలిసిందే. త్వరగా అరుగుతుంది."

"మీరైతే ఏది వేస్తారు?"

"బండిని బట్టి. పాతవి తెచ్చావా?"

ఆమె గుడ్డ విప్పింది. మొదటి మూడూ చూసి నిదానం తలాడించాడు. నాలుగోది చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

"ఇంకా లోపల బాగుచెయ్యలేదన్నమాట."

"ఏం బాగుచెయ్యాలి?"

"నీకు చెప్పలేదా? నాలుగో ప్లగ్గుండే సిలిండర్లోకి ఇంజనాయిల్ ఎక్కుతోందమ్మా, లోపల రింగులు అరిగిపోయాయి. ఏడాదిన్నరైంది. ఇంజను దింపి విప్పమని నేనే అన్నాను. 'విప్పితే నెల రోజులు బండి పడుకుంటుంది. మా అమ్మకి వారానికి రెండుసార్లు కావాలి. నాలుగోదాన్ని తుడుచుకుంటూ నడిపిస్తాలే' అన్నాడు. నెలనెలా విప్పి తుడిచేవాడుగా?"

 పెరట్లో పెట్రోలు గిన్నె ముందు గొంతుక్కూర్చున్న ఆయన వీపు కళ్ళముందుకి వచ్చింది. నల్లటిదాన్ని ఒక్కసారి కూడా ఆమె కంట పడనివ్వలేదు.

నిదానం తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. "అందుకని ఏ ప్లగ్గు వేసినా నాలుగోది నల్లబడుతుంది. సూదిదైనా నల్లబడుతుంది. సూదిదాన్ని బ్రష్షు పెట్టి తోమితే మొన పోతుంది. మూడు కాళ్ళదాంట్లో కాళ్ళ మధ్య జిడ్డు పేరుకుంటే తియ్యడం కష్టం. మామూలుదైతే విప్పి, తోమి, సందు సరిచేసి మళ్ళీ వేసుకోవచ్చు."

"అంటే నెలనెలా విప్పాలి."

"విప్పాలి."

"నేనే."

"మరి ఇంకెవరున్నారమ్మా?"

వేసి మర్చిపోవడం అనేది ఆ గాజుబల్ల మీద, సూది మొనల పెట్టెలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. ఇవాళ అవే వేస్తే రేపు వంతెన ఎక్కేస్తుంది కూడా. పై నెల ఏ వాలు మీద ఆగుతుందో తెలియదు, అంతే.  నెలనెలా ఆ పెట్టె తెరవాలి. నెలనెలా ఆ వాసన.

"మామూలువే ఇవ్వండి," అంది.

ఇంటికొచ్చి మళ్ళీ కాగితం పరిచింది. మధ్యాహ్నమే అయినా వంటింటి కిటికీకి ఎదురుగా గోడ, వెలుతురు చాలదు. టార్చి చెంబుకి ఆనిస్తే జారుతోంది. రెండోసారి జారి కిందపడ్డప్పుడు గుమ్మం దగ్గర చప్పుడైంది. అత్తగారు గోడ పట్టుకుని నిలబడి ఉంది. రెండు రోజుల తర్వాత మంచం దిగింది.

"ఎవర్ని కొడుతున్నావే పొద్దుటినుంచీ?"

ఆమె లేచి కుర్చీ వేసింది. అత్తగారు కూర్చుని, ఆయాసం తగ్గేదాకా ఆగి, గుడ్డలో ఉన్న నల్ల ప్లగ్గుని చూపుడు వేలితో కదిపింది.

"ఇదేమిటి, ఇలా ఉంది?"

"నాలుగోది. లోపల పాడైందట అత్తయ్యా. ఆయిల్ ఎక్కుతోందట. ఇంజను విప్పితే నెల రోజులు మీకు బండి ఉండదని విప్పలేదట ఆయన. నెలనెలా దీన్ని తుడిచి పెట్టేవారట. నాకు ఇవాళే తెలిసింది."

అత్తగారు ఆ ప్లగ్గుని అరచేతిలోకి తీసుకుంది. చెయ్యి మసైంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంటే బాగుచెయ్యలేదు," అంది చివరికి. "పాడైంది పాడైనట్టే ఉంచి, కడుక్కుంటూ నడిపాడు."

"అవును."

"నాలాగా."

ఆమెకి తోచింది అనేసింది, "దీన్ని నెలకోసారి కడిగితే చాలత్తయ్యా. మిమ్మల్ని వారానికి రెండుసార్లు."

అత్తగారి పెదవి వంకర తిరిగింది. "అయితే నాకంటే బండే నయం." మసి అంటిన అరచెయ్యి కొంగుకి తుడుచుకుని, ఆ చెయ్యి చాపింది. "ఆ టార్చి ఇటివ్వు. వాడు ఎలా పట్టుకునేవాడు, పైనించా, పక్కనించా?"

"పక్కనించి."

ముసలి చేతిలో టార్చి వణికింది. కాగితం మీద వెలుగు అటూ ఇటూ తూగింది. ఆమె ప్లగ్గుని ఆ వెలుగు వెంట జరుపుకుంటూ కాలుని బల్లకేసి తట్టింది, ఎనిమిది రేకు దూర్చి లాగింది. వదులుగా వచ్చేసింది. ఇంకోసారి తట్టింది. ఈసారి రానంటూనే వచ్చింది.

"అయ్యిందా?" అంది అత్తగారు.

"ఒకటయ్యింది. ఇంకా మూడున్నాయి."

"తొందరేం లేదు. నేనెక్కడికి పోతున్నాను?"

నాలుగూ అయ్యాక ఆమె పెన్సిల్‌తో అంకెలు వేసింది. కారు దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కదాన్నీ ముందు వేళ్ళతో తిప్పింది. మర సరిగ్గా పట్టాకే స్పానర్ పెట్టాలని ఆయన చెప్పేవాడు, వంకరగా ఎక్కితే ఇంజను తలే పోతుందని. తాళం తిప్పగానే బండి అందుకుంది. అత్తగారు కిటికీలోంచి, "స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని విను, వాడిలాగా," అని కేకేసింది. ఆమె పెట్టుకుని వింది. ఇంజను హోరు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"ఏమంటోంది?"

"నాకేం అర్థం కావట్లేదత్తయ్యా."

"పోన్లే. నడిస్తే చాలు."

సాయంత్రం మరిది ఫోన్ చేశాడు. ఫోన్ అత్తగారే తీసింది. "ఆ, వేసింది. వేసి మర్చిపోయింది. అవే... ఏమోరా, నాకేం తెలుసు, ప్లగ్గులు ప్లగ్గుల్లాగే ఉన్నాయి." ఫోన్ పెట్టేసి కోడలికేసి చూడకుండా దుప్పటి సర్దుకుంది. రేపటి సంగతి ఆవిడ ఎత్తలేదు. ఆమె అడగలేదు.

శనివారం పొద్దున ఆమె కారు గుమ్మం దగ్గరికి తెచ్చి, వెనక సీట్లో దిండు సర్ది, తలుపు తెరిచి పెట్టి లోపలికి వెళ్ళింది. అత్తగారు మంచం అంచున కూర్చుని ఉంది. చెప్పులు పట్టక, పెద్దకొడుకు రబ్బరు చెప్పులు వేసుకుంది. అవి ఆవిడ పాదాలకి ఇప్పుడు సరిగ్గా సరిపోయాయి. ఇద్దరూ ఆ చెప్పులు చూసుకున్నారు. అత్తగారు ఆమె భుజం పట్టుకుని మెల్లగా వచ్చి కారెక్కింది.

 వంతెన దగ్గర ముందు ఒక లారీ బరువుగా ఎక్కుతోంది. దాని వెనక ఆమె గేరు తగ్గించింది. పోయిన శనివారం ఆగిపోయింది అవతలివైపు ఏటవాలు మీద, కానీ ఇటువైపూ అంతే ఏటవాలు; సగం దూరం, పక్కగోడకి సున్నం రాలిన చోటు, దగ్గరికొచ్చింది. ఆమె సీట్లోంచి ముందుకి వంగింది. అద్దంలో చూస్తే అత్తగారు కూడా దిండు మీంచి లేచి, ముందు సీటు పట్టుకుని కూర్చుని ఉంది. సున్నం రాలిన గోడ పక్కనుంచి వెనక్కి జరిగింది. లారీ పైకెక్కింది. దాని వెనకే కారూ ఎక్కింది. దగ్గలేదు.

దిగువకి వచ్చాక అత్తగారు దిండు మీదికి ఒరిగి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుంది ఆమె. ఆస్పత్రి మలుపు తిరుగుతుండగా వెనకనుంచి గొంతు వినిపించింది.

"బుధవారం కూడా ఇదే వేళకా?"

"ఇదే వేళకి అత్తయ్యా."

"ఓ పావుగంట ముందు బయల్దేరుదాం. లేటైతే అక్కడ కిటికీ పక్క మంచం వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నారు."